హసన్ బీ పట్టిన సా

సకల జనుల సమ్మెతో మహబూబాబాద్‌లో బడులు మూతపడ్డ రోజుల్లో, సైన్సు చెప్పే మాజిద్ ఇంట్లోనే కూర్చుని ఒక ప్రోగ్రాం తయారు చేశాడు. ఎవరైనా పాడితే కంప్యూటర్ ఆ స్వరాలను గుర్తుపట్టి, కుదిరినవాటిని పచ్చగా, తప్పినవాటిని ఎర్రగా చూపిస్తుంది.

సమ్మె శిబిరం నుంచి వచ్చిన తోటి టీచర్ల ముందు అక్క హసన్ బీ చేత యమన్ పాడించాడు. అది ఆమె తండ్రి దగ్గర నేర్చిన రాగం. తెరంతా ఎర్రబడింది.

"ఏంది ఆపా, ఒక్క స్వరమన్న కుదుర్తలేదు!" అన్నాడు మాజిద్ అక్కతో.

"నీ డబ్బాకు నా సా ఎట్ల ఎరుకైతది రా?" అంది హసన్ బీ.

"మిషిన్ అబద్ధమాడతదా అక్కా?" అన్నాడో టీచర్. అందరూ నవ్వారు. మాజిద్ కూడా నవ్వాడు. ఆ రోజు తర్వాత ఆమె మళ్లీ పాడలేదు, రొట్టెల పిండి పిసికేటప్పుడు కూడా కూనిరాగం తీయలేదు.

రెండేళ్లకు, తెలంగాణ వస్తుందని ఊరంతా ఎదురుచూస్తున్న చలికాలంలో ఆమె పోయింది. నలభై దినాలు గడిచాక మాజిద్ కంప్యూటర్‌లో ఉండిపోయిన ఆనాటి రికార్డింగ్ తెరిచాడు. ప్రోగ్రాంలో సా స్థానాన్ని తాను హార్మోనియం మొదటి మెట్టుకు బిగించి పెట్టాడని అప్పుడు చూశాడు. పాడేవాళ్లు ఎవరి గొంతుకు తగ్గ సా వాళ్లు పట్టుకుంటారు. ఆమె సా దానికి కాస్త కింద ఉంది. అది సరిచేసి మళ్లీ వినిపిస్తే, ప్రతి స్వరమూ పచ్చగా వచ్చింది.

హసన్ బీ కూతురు, ఆరేళ్ల ఇక్రా, గడప దగ్గర నిలబడి వింటోంది.

"మంచిగ పాడుతాంది. ఎవరు మామూ?"

మాజిద్ పాటను మళ్లీ మొదటి నుంచి పెట్టి, "మీ అమ్మ" అన్నాడు.