బృందంలో చేరిన డ్రిల్లు టీచరు

ఆస్పత్రి ఎక్స్‌రే గదిలో పనిచేసే అల్లుడికి అత్తగారంటే భయమని చెబితే ఎవరూ నమ్మేవారు కాదు. ఆరడుగుల మనిషి. స్టేజీ ఎక్కితే గిటారు పట్టుకుని చెవులు చిల్లులు పడేలా పాడతాడు. అలాంటివాడు అత్తగారు ఎదురుపడితే మాత్రం బడికి ఆలస్యంగా వచ్చిన కుర్రాడిలా గోడకు అంటుకుపోయేవాడు. అందుకు తగ్గట్టే ఆవిడ ఉద్యోగమంతా బడిలో డ్రిల్లు టీచరుగా చేసింది. పెళ్ళైనప్పటి నుంచి వాళ్ళిద్దరి మధ్య పెద్దగా మాటలు నడిచింది లేదు. "భోంచేశారా బాబూ" అని ఆవిడ అడిగేది. తినకపోయినా సరే, "అయిందండీ అత్తయ్యగారూ" అని ఇతను తప్పుకునేవాడు.

ఆవిడ రిటైరైన కొద్ది రోజులకే కూతురికి పాప పుట్టింది. కూతురు అదే ఆస్పత్రిలో నర్సు. సాయానికని వచ్చిన డ్రిల్లు టీచరు వచ్చిన రోజే ఇంటిని ఒక వరసలో పెట్టింది. చెప్పులు జతలుగా నిలబడ్డాయి, గిన్నెలు ఎత్తుల వారీగా సర్దుకున్నాయి. ఒక్క పాప మాత్రం ఆవిడ మాట వినలేదు. మధ్యాహ్నమైతే చాలు, ఏడుపు అందుకునేది.

ఆ ఇంట్లో పడకగది చెక్క బీరువాకు ఆనించి పాట అడుగున లావు స్వరాలు పలికే బేస్ గిటారు ఒకటి ఉండేది. ఆస్పత్రి సిబ్బందిలో సరదాపడ్డ నలుగురు కలిసి ఒక బృందం పెట్టుకున్నారు. అల్లుడు గిటారు వాయిస్తూ పాడతాడు. ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు డ్రమ్స్ కొడతాడు. మందుల కౌంటర్లో కూర్చునే అమ్మాయి కీబోర్డు వాయిస్తుంది. బేస్ వాయించే అంబులెన్స్ డ్రైవరుకు వేరే ఊరు బదిలీ అయింది. అక్కడ తీరిక దొరకదు, మీ దగ్గరే ఉంచుకోండి అని అతను వదిలేసి వెళ్ళిన వాయిద్యమది. అతను వెళ్ళాక బృందం పాటలు కాళ్ళు లేని బల్లలా తయారయ్యాయి.

ఒక మధ్యాహ్నం పాపను భుజాన వేసుకుని గదిలో పచార్లు చేస్తుంటే డ్రిల్లు టీచరు మోచేయి ఆ గిటారు లావు తీగకు తగిలింది. తీగ మోగింది, దాంతోపాటు బీరువా తలుపు కూడా సన్నగా మోగింది. పాప ఠక్కున ఏడుపు ఆపింది. ఆవిడ ఆశ్చర్యపోయి మళ్ళీ మీటింది. పాప కళ్ళు సగం మూతలు పడ్డాయి. ఇంకేముంది, ఆ రోజు నుంచి అదే జోలపాట. ఆవిడకు తెలిసిన సంగీతం వన్, టూ, త్రీ, ఫోర్ ఒక్కటే కాబట్టి అదే వాయించేది.

డ్యూటీ దిగి వచ్చిన అల్లుడు ఒక రోజు బూట్లు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. లోపలినుంచి వస్తున్నది రాగం కాదు, పాట కాదు. ఒకే స్వరం. కానీ దెబ్బకూ దెబ్బకూ మధ్య వెంట్రుకవాసి తేడా లేదు. పాప పక్క మార్చినా, వీధిలో లారీ హారన్ కొట్టినా ఆ నడక చెదరలేదు. అతనికి ఒళ్ళు జలదరించింది.

మర్నాడు మత్తు డాక్టరుకు చెబితే, ఆలస్యమెందుకు, బృందంలోకి రమ్మని అడిగెయ్యమన్నాడు. అడగడమా, నేనా అని అల్లుడు రెండు చేతులూ పైకెత్తేశాడు. చివరికి భార్యే రాయబారం నడిపింది.

"నాకు పాటా గీటా రావే" అంది డ్రిల్లు టీచరు.

"పాట వాళ్ళు పాడుకుంటారమ్మా. నువ్వు లెక్క తప్పకుండా ఉంటే చాలు."

"లెక్క తప్పడమా? నేనా?" అందావిడ. దాంతో ఆ విషయం తేలిపోయింది.

నేర్చుకోవడం మొదలయ్యాక వేళ్ళ చివర బొబ్బలు లేచాయి. వాటిని గుచ్చవద్దని, గట్టిపడే దాకా రోజూ కొంచెం కొంచెంగానే వాయించమని నర్సు కూతురు కాపలా కాసింది. భుజం లాగేస్తోందని ఆవిడ నోరు తెరిచి అనలేదు, కానీ రాత్రిళ్ళు నూనె రాసుకోవడం అల్లుడు గమనించాడు. గిటారు సన్నటి భుజం పట్టీ తీసేసి అరచేతంత వెడల్పున్న తోలు పట్టీ తగిలించాడు. డ్రైవరుకు ఫోన్ చేసి సరే అనిపించుకుని, తెలిసినవాళ్ళకు ఆ బరువైన గిటారు ఇచ్చేసి, పొట్టి మెడతో తేలికగా ఉన్న బేస్ ఒకటి మార్పిడి చేసి తెచ్చాడు. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, ఇది నా కొలతకు కుట్టినట్టుంది అంది. అల్లుడు ఆవిడ నోట విన్న మొదటి మెప్పు అదే.

ఇంటి కింద కారు షెడ్డులో సాధన సాగేది. చేరిన వారానికే ఆవిడ అందరినీ దార్లో పెట్టడం మొదలెట్టింది. పాట ఊపందుకోగానే మత్తు డాక్టరు చెయ్యి వేగం పెరిగిపోయేది. ఆవిడ వాయించడం ఆపి అతని వంక చూసి, "డాక్టరుగారూ, ఎందుకా పరుగు? వెనక ఎవరూ తరమట్లేదు" అంది. రోజంతా మనుషుల్ని నిద్రపుచ్చి వచ్చి ఇక్కడ హడావిడి పడతాడని మందుల కౌంటర్ అమ్మాయి నవ్వితే, ఆమె వైపు తిరిగి, "నువ్వు ఆ ఎడమ చేతిని కాస్త జేబులో పెట్టుకో తల్లీ. ఆ కింది స్వరాల అంతస్తులో నేను కాపురముంటున్నాను" అంది. చెప్పినట్టు చేశాక పాట నిజంగానే తేటపడింది.

కష్టమల్లా అల్లుడికే. ఆవిడ కూడా తప్పులు చేసేది. పల్లవి నుంచి చరణానికి మారేచోట ఒక అడుగు ముందే మారిపోయేది. ఆ మాట మొహాన చెప్పలేక అతను షెడ్డు గోడకేసి చూస్తూ, ఇక్కడెవరో కాస్త ముందు మారుతున్నట్టున్నారు అనేవాడు. ఎవరని మత్తు డాక్టరు అడిగితే, ఎవరో అనేవాడు. ఆ ఎవరో అనేవాళ్ళెవరో తెలియక ఆ రోజు నలుగురూ నాలుగు రకాలుగా మార్చారు.

అలా ఉండగా ఒక రోజు డ్రిల్లు టీచరు, గిటారును ఆంప్లిఫయర్ అనే స్పీకరు పెట్టెకు కలిపే కేబుల్ ఇంకొకటి తెచ్చుకుందామని వాయిద్యాల దుకాణానికి వెళ్ళింది. ఏ వాయిద్యగాడైనా రెండో కేబుల్ లేకుండా గడప దాటకూడదని అల్లుడు గోడకు చెబుతుంటే విన్నదావిడ. కేబుల్‌తో పాటు ఒక చిన్న ఇనప డబ్బా తెచ్చుకుంది. దాన్నే పెడల్ అంటారు. కాలితో నొక్కితే గిటారు శబ్దం రూపు మారుతుంది. ఇది నొక్కితే స్వరం నీళ్ళ అడుగునుంచి వచ్చినట్టు వచ్చేది. ఆవిడ మొహం చూడాలి, మొదటిసారి సైకిలెక్కిన పిల్లలా వెలిగిపోయింది. కొన్నాళ్ళకు ఇంకో డబ్బా వచ్చింది, అది తేనెపట్టు కదిలించినట్టు రొద పెట్టేది. ఆ తర్వాత ఒకటి, ఆపైన మరొకటి. అన్నింటినీ ఒక చెక్కపలక మీద ప్రార్థన వేళ పిల్లల్లా వరసగా నిలబెట్టి, పొట్టి పొట్టి వైర్లతో ఒకదానికొకటి కలిపింది.

అల్లుడికి ఆ జబ్బు తెలుసు. సరదాకి వాయించేవాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు పట్టేదే, అతనికీ పట్టి వదిలింది. బేస్‌కు ఇవన్నీ అనవసరం, మధ్యలో ఎన్ని వైర్లుంటే అన్ని తలనొప్పులని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చేది. నువ్వు చెప్పు, మీ అమ్మ కదా అని భార్యను బతిమాలాడు. నీ బృందం కదా, నువ్వే చెప్పు అని ఆమె పాపను అందుకుని వెళ్ళిపోయింది.

ఇంతలో ఆస్పత్రి పెద్ద నర్సమ్మ రిటైరవుతోందని, క్యాంటీన్లో వీడ్కోలు సభ పెడుతున్నామని, పాటల భారం మీదేనని కబురొచ్చింది. పెద్ద నర్సమ్మ మాటంటే ఆస్పత్రిలో డాక్టర్లు కూడా కిక్కురుమనరు. కూతురు పనిచేసేది ఆవిడ కిందే. ఇంటిల్లిపాదికీ గుండెల్లో గుబులు మొదలైంది, ఒక్క డ్రిల్లు టీచరుకు తప్ప.

ఆ సాయంత్రం అందరికంటే ముందు వెళ్ళింది ఆవిడే. ఆంప్లిఫయర్ నేల మీద పెడితే మోత మోకాళ్ళకు తగులుతుందే తప్ప చెవికి అందదని, దాన్ని క్యాంటీన్ కుర్చీ మీదకెక్కించింది. కేబుల్‌ను భుజం పట్టీలోంచి ఒక చుట్టు తిప్పి గిటారుకు గుచ్చింది. ఎవరైనా తొక్కినా ఊడిరాదు. కొత్త చెప్పులు వేసుకోకుండా రోజూ తొడుక్కునే గుడ్డ బూట్లే వేసుకొచ్చింది. గోడకు చెప్పిన మాటలన్నీ ఆవిడ చెవిన పడ్డాయని అల్లుడికి అప్పుడు అర్థమైంది. చెప్పలేకపోయిన మాట ఒక్కటే పలక మీద వరసగా కూర్చుని ఉంది.

మొదటి పాటలు బాగానే సాగాయి. వార్డుబాయిలు చప్పట్లు కొట్టారు, ల్యాబు వాళ్ళు బల్లలు పక్కకు జరిపి రెండు అడుగులు వేశారు. అప్పుడు పెద్ద నర్సమ్మ భర్త చెయ్యి పట్టుకుని స్టేజీ దగ్గరకు వచ్చింది. ఆయన ఆవిడ భుజం దాకా వస్తాడు. బట్టతల, మొహమాటం నవ్వు. తన పెళ్ళినాటి నెమ్మది పాట ఒకటి చెప్పి, "ఆ రోజు ఈ పాటకి ఈయన నా కాళ్ళు తొక్కి చంపాడు. ఇన్నేళ్ళలో ఏమైనా బాగుపడ్డాడేమో చూస్తాను" అంది. క్యాంటీనంతా ఘొల్లుమంది.

ఆ పాట వాళ్ళు సాధన చేసినదే. మొదలు బేస్ ఒక్కటే వాయిస్తుంది, తర్వాత మిగతావాళ్ళు అందుకుంటారు. భార్యాభర్తలిద్దరూ మధ్యలోకి వెళ్ళి చేతులు కలుపుకుని నిలబడ్డారు. డ్రిల్లు టీచరు తీగ మీటింది.

ఏమీ వినిపించలేదు.

మళ్ళీ మీటింది. కాలితో ఒక డబ్బా నొక్కింది. కీచుమని ఒక అరుపు వచ్చి ఆగిపోయింది. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని పొట్టి వైర్లను ఒక్కొక్కటీ కదపసాగింది. ఖాళీ పూరిద్దామని మత్తు డాక్టరు ఏదో కొట్టబోతే ఒక్క చూపు చూసింది, పుల్లలు గాల్లోనే ఆగాయి. మధ్యలో నిలబడ్డ పెద్దాయన నవ్వు సన్నగిల్లింది. పాపనెత్తుకుని ముందు వరసలో కూర్చున్న కూతురు తల దించుకుంది. డ్రిల్లు టీచరు ఒకసారి ఊడదీసి పెట్టిన వైరునే మళ్ళీ ఊడదీసింది. ఆవిడ అలా తికమకపడటం అల్లుడు ఎన్నడూ చూడలేదు.

అతను గిటారు వెనక్కి తిప్పుకుని వచ్చి ఆవిడ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అత్తయ్యగారూ."

"ఉండండి బాబూ, ఈ మూడోదే అనుకుంటా."

"మూడోది కాకపోతే నాలుగోది. ఇప్పుడు వెతికే టైం లేదండీ. అవన్నీ పీకేయండి."

ఆవిడ తలెత్తి చూసింది. ఎంతోమంది పిల్లలకు నోరు కట్టేసిన చూపు అది. అయినా అతను గోడకేసి తిరగలేదు.

"గిటారు వైరు తీసుకెళ్ళి నేరుగా ఆంప్లిఫయర్లో పెట్టండి. మీ చేతిలో ఉన్నది చాలు. మొదట్నుంచీ అదే చాలండీ. చెప్పడానికి నాకే ధైర్యం చాల్లేదు."

"ఎప్పట్నుంచి అనుకుంటున్నావ్?" అందావిడ. ఎప్పుడూ మీరు అనే మనిషి.

"రెండో డబ్బా కొన్నప్పట్నుంచి."

ఆవిడ లేచి, ఆంప్లిఫయర్ శబ్దం పూర్తిగా తగ్గించి, పలక నుంచి వైరు లాగి దానికే గుచ్చి, మళ్ళీ మెల్లగా పెంచింది. పట్టీ సర్దుకుని ఊపిరి తీసుకుని మీటింది.

ఏ సొగసూ లేని లావుపాటి స్వరం క్యాంటీన్ నేల పట్టుకుని పాకింది. గాజు గ్లాసులు సన్నగా పలికాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పెద్దాయన మొదటి అడుగు భార్య కాలి మీదే వేశాడు. రెండోది తడబడింది. ఆ తర్వాత ఆ నడక ఆయన మడమల్లోకి ఎక్కినట్టుంది, మూడో చుట్టుకి తల ఎత్తి తిరగసాగాడు. పెద్ద నర్సమ్మ నవ్వు ఆపుకోలేక ఆయన బట్టతల మీద చెయ్యి ఆనించింది. డ్రమ్స్ కలిశాయి, కీబోర్డు కలిసింది. ఆ స్వరమే వింటూ నిలబడిపోయిన అల్లుడు పల్లవి ఎత్తుకోవడం మర్చిపోయాడు. డ్రిల్లు టీచరు ఇంకో చుట్టు అదే వాయిస్తూ అతనికేసి గడ్డం ఎగరేసింది. అతను అందుకున్నాడు.

పాట అయిపోయాక ఎవరూ కూర్చోలేదు. తర్వాతి పాటలో చరణానికి మారేచోట ఆవిడ ఎప్పటిలాగే ఒక అడుగు ముందు మారింది. ఈసారి అల్లుడు ఆవిడనే చూస్తూ, ఆగండి అన్నట్టు తల ఊపాడు. మరుసటి చరణానికి ఆగింది.

సామాన్లు కారులోకి ఎక్కిస్తున్నప్పుడు ఆంప్లిఫయర్ చెరోవైపూ పట్టుకున్నారు. ముందే చెప్పి ఉంటే నాలుగు డబ్బాల బరువు తప్పేది కదా అందావిడ. భయమేసిందన్నాడు. దేనికని అడిగింది. మీకే అన్నాడు. ఆవిడకు నవ్వొచ్చి పట్టు సడలింది, ఇద్దరూ దాన్ని నేల మీద దించి కాసేపు నవ్వుకున్నారు.

నీళ్ళ శబ్దం చేసే డబ్బా ఒక్కటి ఉంచుకుని మిగతావి ఆవిడ దుకాణంలో తిరిగి ఇచ్చేసింది. ఆ ఒక్కటీ ఎందుకని అల్లుడు అడిగాడు. నా ఇష్టం అంది. తర్వాతి సాధనలో అతను రెండు తప్పులు మొహం మీదే చెప్పాడు. ఆవిడ ఒకటి ఒప్పుకుంది. రెండోది నీ తప్పేనని వాదనకు దిగింది. మత్తు డాక్టరు గడియారం చూసుకుని, తీర్పు వచ్చాక పిలవండని టీ తాగడానికి పైకి వెళ్ళిపోయాడు.

ఆ వాదన ఇంకా తేలలేదు. ఈలోగా మందుల కౌంటర్ అమ్మాయి, వాళ్ళన్నయ్య పెళ్ళికి వాయించాలని అడిగింది. ఆదివారం పొద్దున్నే అత్తా అల్లుడూ కలిసి హాలు చూడటానికి బయల్దేరారు. స్టేజీ మీద ప్లగ్గులు ఎటు పక్కన ఉన్నాయో ముందే చూసుకోవాలని ఆవిడ, చూడక్కర్లేదు, పొడుగు వైరు ఉందని అతను. వీధి మలుపు తిరిగేదాకా వాళ్ళ మాటలు ఇంట్లోకి వినిపిస్తూనే ఉన్నాయి.