భుజాల మీద తెల్ల చుక్కలు

కళ్ళజోళ్ళ షాపాయన్ని పక్షులు చూసేవాళ్ళంతా గురువుగారంటారు. ఆకాశంలో నలుసంత కనిపించే డేగనైనా, గద్దనైనా రెక్క ఊపే తీరును బట్టి ఫలానాదని తేల్చేస్తాడు. ఆయన తేల్చాక, వాళ్ళంతా పక్షుల కోసం ఎక్కే గుట్ట మీద ఇంకొకరు నోరెత్తరు. ఆ మర్యాద ఆయనకు కాస్త తలకెక్కిందనే చెప్పాలి.

నోరెత్తింది ఎవరో కాదు, సొంత మరదలే, తమ్ముడి భార్య. వాడిన కెమెరా ఒకటి కొనుక్కుని కొత్తగా గుట్టెక్కుతోంది. ఓ ఆదివారం అప్పుడే తీసిన ఫోటోను కెమెరా తెర మీద ఆయనకు చూపించింది.

“బావగారూ, ఇది మామూలు గద్ద కాదేమోనండీ. రెక్కలు మొదలయ్యే చోట, భుజాల మీద, రెండు తెల్ల చుక్కలున్నాయి చూడండి. బూటెడ్ ఈగిల్‌ అనే అరుదైన డేగకి అలా ఉంటాయని చదివాను.”

ఆయన తెర వైపు సరిగ్గా చూడనైనా లేదు. బూటెడ్ ఈగిల్ అంతటిది ఇక్కడికొస్తే ముందు తన కంట పడకుండా ఈ పిల్ల కంట పడుతుందా అని ఆయన ధీమా.

“గద్దే అమ్మా. గద్ద తోకకుండే చీలిక, తోక బాగా విప్పినప్పుడు కనబడదు. ఇక ఆ చుక్కలంటావా...” అంటూ జేబులోంచి కళ్ళద్దాలు తుడిచే గుడ్డ తీసి, అందరి ముందూ ఆమె చేతిలో పెట్టాడు. “ముందు లెన్స్ తుడుచుకో. అవి చుక్కలు కావు, దుమ్ము.”

అందరూ ఘొల్లున నవ్వారు. పాపం, ఆమె కూడా నవ్వింది. ఆ గుడ్డతో లెన్స్ తుడుచుకుంది కూడా. మళ్ళీ గుట్టెక్కలేదు.

కొన్ని వారాల తర్వాత నల్లటి పక్షి ఒకటి సూటిగా ఆయనకెదురుగా ఎగిరొచ్చింది. ఊపిరి బిగబట్టి ఫోటోలు తీశాడు. షాపు వెనక గదిలో కంప్యూటర్ మీద పెద్దవి చేసి చూస్తే, భుజాల మీద తెల్ల చుక్కలు రెండూ దీపాలు పెట్టినట్టు కనిపించాయి. గురువుగారికి తల కొట్టేసినంత పనైంది. పొరపాటు ఎవరైనా పడతారు. ఆయన చూడకుండానే చెప్పాడు, చూడకుండానే నవ్వించాడు. అదే ఆయన్ని దహించేసింది.

షాపు మూసేసి తమ్ముడింటికి వెళ్ళాడు. మరదలు బట్టలు మడతపెడుతోంది.

“ఆరోజు నువ్వు చెప్పిందే నిజమమ్మా. నీ ఫోటో ఇవ్వు, ముందు చూసింది నువ్వేనని అందరికీ చెప్తాను.”

“అది అప్పుడే చెరిపేశానండీ.” ఆమె నవ్వేసింది. “నేను చిన్నబుచ్చుకున్నానని ఇలా అంటున్నారు కదూ? నాకంత కన్నెక్కడిది బావగారూ!”

“కాదమ్మా, నేనసలు నీ ఫోటో చూడనే లేదు.”

“ఊరుకోండి, మీరు చూడకుండా చెప్తారా?”

ఆయన ఇంటికొచ్చి పక్షుల గ్రూపులో తన ఫోటో పెట్టి, దీన్ని ముందు కనిపెట్టింది మా మరదలే, నేనే కళ్ళు మూసుకుని కాదన్నాను అని రాశాడు.

“గురువుగారిది ఎంత పెద్ద మనసు!” అని ఒకరు. “తన ఘనత కూడా మరదలికే ఇచ్చేశారు!” అని ఇంకొకరు. ఇది పెద్ద మనసు కాదు, జరిగిందే చెప్తున్నానని మళ్ళీ రాశాడు. దానికి ఇంకా ఎక్కువ చప్పట్లు పడ్డాయి. అన్నిటికంటే కింద మరదలు దండం బొమ్మ పెట్టింది.