ఒక్క మార్కుల కార్డు, రెండు కేసులు

దొంగ మార్కుల కార్డుకు ఆరు నెలలు జైలు కూడు తిన్నాను. కాదనను. ఆరో తరగతిలో బడి మానేసినోడికి బొమ్మసంద్ర ఫ్యాక్టరీలో పర్మినెంట్ ఉద్యోగం ఎవడిస్తాడు? టెన్త్ పాసైనట్టు కార్డు చేయించుకున్నా. అక్కడ పదకొండేళ్లు మిషన్ నడిపినా, ఆ మిషన్‌కు నా చదువు తక్కువని తెలీలేదు. కొత్తగా వచ్చిన మేనేజరుకు తెలిసింది.

పోలీస్ స్టేషన్లో హెడ్ కానిస్టేబులు చిక్కమునియప్ప టీ తెప్పించి, "నోడప్పా, చూడు తిరుపాలూ, ఆ కార్డు ఇంకెక్కడిచ్చినావో ఇప్పుడే చెప్పేయ్. అంతా ఒకే కేసులో పోతాది" అన్నాడు. నమ్మినా. దుబాయి పోదామని పాస్‌పోర్టుకు కూడా ఇచ్చినానని చెప్పినా. జడ్జి ముందర ఫ్యాక్టరీ నేరం ఒప్పుకున్నా. శిక్ష అయిపోయింది.

బయటికొచ్చి హూడిలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా కుదిరిన మూడో నెల సమన్లు వచ్చినాయి. పాస్‌పోర్టు కేసు. మళ్లీ లోపలికి పోతే ఈ పనీ పోతాది.

"ఒక టీకే ఇంత చెప్పినావే. టిఫిన్ కూడా పెట్టింటే ఇంకేం చెప్పేవాడివో" అనింది నా భార్య వనజ.

లాయరు వరూధిని మేడంను అడిగినా. "ఒక తప్పుకు రెండుసార్లు శిక్ష వెయ్యకూడదంట కదా?"

"ఒక తప్పుకు వెయ్యరు. ఫ్యాక్టరీకి చూపించింది ఒక తప్పు, పాస్‌పోర్టుకు చూపించింది ఇంకొకటి అంటారు వాళ్లు. అయినా పిటిషన్ వేద్దాం."

"కార్డు ఒకటే కదా మేడం."

"మోసం రెండుచోట్ల కదా తిరుపాలు గారూ."

పిటిషన్ రెండు నిమిషాల్లో కొట్టేసినారు. జడ్జి నా మొహం కూడా చూడలేదు.

కోర్టు వరండాలో చిక్కమునియప్ప ఎదురుపడినాడు. ఏదో వేరే కేసుకు వచ్చుంటాడు. "ఊట ఆయ్తేనప్పా?" అని నవ్వినాడు. భోజనమైందా అంట, కన్నడంలో. నోట్లో ఊరింది వాని బూట్ల పక్కనే ఉమ్మినా. వాడు కాలు కూడా పక్కకు జరపలేదు, ఫోను చూసుకుంటా బెంచీ మీద కూర్చున్నాడు.

మేడం ఫైలు కట్టుకుంటా నా దగ్గరికొచ్చింది. "హైకోర్టుకు పోదాం. దానికి ముందు నాకు నిజం చెప్పండి. ఆ కార్డు ఇంకెక్కడన్నా ఇచ్చినారా?"

ఇన్సూరెన్సు పాలసీకి వయసు రుజువని ఒక జిరాక్సు ఇచ్చుండా. నిజం చెప్పి చెప్పి నాకేమొచ్చిందో ఆ బెంచీ మీద కూర్చున్నోడికి తెలుసు. నామీద నాకే రోత పుట్టింది.

"లేదు మేడం. ఎక్కడా ఇవ్వలేదు" అన్నా, వానికి వినపడేట్టు.