ఇంకో ఇల్లు అద్దెకు పోయేదాకా

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవాళ్ళు ఒంటరి ఆడదాని జీతంతో అద్దెకు ఇల్లు వెతికి ఉండరు. నేను వెతికాను. బట్టల కొట్లో ప్యాంట్ల అంచులు కుట్టే ఉద్యోగం నాది. అప్పటిదాకా అక్కావాళ్ళింట్లో ఉన్నాను. అక్క కొడుక్కి పెళ్ళి కుదిరాక నన్నెవరూ వెళ్ళమనలేదు. నేను పడుకునే గదిలో డబుల్ కాట్ పడుతుందో లేదో నా టేపే అడిగి తీసుకుని మరీ కొలిచారు, అంతే. నాకూ రోషం ఉంది. మర్నాటి నుంచే ఇళ్ళవేటలో పడ్డాను.

చూసినవాటిలో ఒకదానికి కిటికీ లేదు, ఇంకోదానికి కిటికీ తప్ప ఏమీ లేదు. చివరికి ఊరవతల కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తులో దొరికింది. రెండు గదులు, వంటిల్లు. గోడలకి ఒక్క మేకు కన్నం లేదు. కిటికీ అద్దాలకి స్టిక్కర్లు కూడా తీయలేదు. లిఫ్టు ఇంకా బిగించలేదు, అందుకని ఎవరూ అద్దెకు దిగలేదు. ఓనరు నాతో ఒక బేరం పెట్టాడు.

"మీరు దిగి లైట్లు వేసుకుంటూ ఉండండమ్మా, చూసేవాళ్ళకి ధైర్యం వస్తుంది. ఎవరైనా వస్తే మీరే తాళం తీసి చూపించండి. బిల్డింగులో ఇంకో ఇల్లు అద్దెకు పోయేదాకా సగం అద్దె ఇవ్వండి, చాలు. తర్వాత పూర్తిగా."

సగమైతే ఇవ్వగలను. పూర్తిగా అంటే జీతమంతా అతని చేతిలో పోసి నేను గాలి పీల్చి బతకాలి. ఇంకో మనిషి దిగిన నాడు నేను మళ్ళీ రోడ్డున పడతాను. తెలిసే ఒప్పుకున్నాను.

ఆ బిల్డింగులో తుమ్మితే చిరంజీవ అనే దిక్కు లేదు. అక్కతో రోజూ కీచులాడేదాన్ని, ఇక్కడ కీచులాటకైనా మనిషి లేదు. కొట్టు నుంచి రాగానే టీవీ పెట్టేదాన్ని, ఏదో ఒక గొంతు కోసం. చెప్పుకుంటే సిగ్గుచేటు, ఒకసారి గ్యాసు తెచ్చినతన్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. పాపం, అతను భయపడ్డాడు.

అయినా ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్ళని మాత్రం నిలవనిచ్చేదాన్ని కాదు. మెట్లెక్కి ఆయాసపడుతుంటే "లిఫ్టా, ఈ జన్మకి రాదు" అనేదాన్ని. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోటి ధర్మమా అని ఎవరూ రెండోసారి రాలేదు.

ఒక ఆదివారం ఒకావిడ వచ్చింది. నా ఈడుదే. బేకరీలో కేకుల మీద పేర్లు రాసే పనిట. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. వస్తూనే "ఏం వదినా, ఇంత ఎత్తున కూర్చున్నారు, కాకులతో పోటీయా?" అంది. ఐదు నిమిషాలు కాలేదు, వరస కలిపేసింది. ఖాళీ గదిలో నేలమీద చతికిలబడి, తన ఇప్పటి ఓనరు పీనాసితనం గురించి చెప్పి నన్ను నవ్వించింది. నవ్వి ఎన్నాళ్ళయిందో, దవడలు నొప్పెట్టాయి. ఈ మనిషి పక్కింట్లో ఉంటే ఎంత బావుంటుందో అని ప్రాణం లాగింది. ఆ వెంటనే అద్దె గుర్తొచ్చింది.

"నాకు నచ్చింది వదినా. మీరూ ఉన్నారు. ఇంతకీ నీళ్ళెలా ఉంటాయి?"

నాలుక్కి నరం లేదుగా.

"అదే చెబుదామనుకుంటున్నా. నోట పెట్టలేం. స్నానం చేస్తే ఒళ్ళంతా దురద. నేనేదో గతిలేక ఉంటున్నా."

ఆవిడ మొహం చిన్నబోయింది. "మీరు చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే మునిగేదాన్ని" అని నా చెయ్యి నొక్కి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం తలుపు చప్పుడైంది. తీస్తే ఆవిడే. పెద్ద నీళ్ళ క్యాను గుమ్మంలో దింపి, గోడకానుకుని రొప్పుతోంది.

"మా బేకరీ నీళ్ళు వదినా, మంచివి. మీరొక్కరే ఆ పాడు నీళ్ళు తాగుతున్నారంటే మనసొప్పలేదు."

కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఇక దాచలేకపోయాను.

"ఇక్కడి నీళ్ళు బాగానే ఉంటాయి. ఇంకో ఇల్లు అద్దెకు పోయేదాకే నాకు సగం అద్దె. మీరొస్తే రెట్టింపవుతుంది. అందుకని అబద్ధమాడాను."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బావుండేది. కర్చీఫుతో మొహం తుడుచుకుంది.

"మొన్ననే వేరేచోట అడ్వాన్సు ఇచ్చేశాను. ఊరికి అటు చివర" అంది.

"వెనక్కి అడగండి."

"ఇవ్వరు."

లేచి నా ఇల్లు అటూ ఇటూ చూసింది.

"మీవి రెండు గదులు కదా. నేనూ ఒక్కదాన్నే. ఆ రోజే నిజం చెప్పుంటే ఇక్కడికే వచ్చేసేదాన్ని. చెరో గదిలో ఉండేవాళ్ళం. ఇంకో ఇల్లు అద్దెకి పోయేది కాదు, ఉన్న సగమూ చెరిసగం పడేది."

ఆ మాట నాకు ఒక్కసారైనా తట్టలేదు. ఆవిణ్ణి ఎలా పంపించాలా అనే చూశాను గాని, ఎలా ఉంచుకోవాలా అని చూడలేదు.

"ఇప్పుడైనా వచ్చెయ్యండి" అన్నాను. నా గొంతు నాకే ముష్టెత్తుకుంటున్నట్టు వినిపించింది.

"అడ్వాన్సు వదులుకునే స్తోమత లేదండీ."

వదినా అనలేదు. క్యాను తీసుకెళ్ళమన్నాను. మళ్ళీ మొయ్యలేనంది. రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగి వెళ్ళిపోయింది.

కాసేపటికి ఓనరు ఫోన్ చేశాడు.

"మొన్న ఇల్లు చూసినావిడ ఏమన్నారమ్మా?"

"వేరేచోట కుదిరిందట."

"పోన్లెండి, మీకు సగం అద్దే నడుస్తుంది" అని నవ్వాడు.

అలాగేనండీ అన్నాను. ఆ పూట నాతో ఇంకెవరూ మాట్లాడలేదు.