స్టాపులో ఎవరూ లేరట

ఈ నగరంలో మంచు పడితే ముందు కార్లకు దారి చేస్తారు. తరువాత కార్లు దిగి నడిచేవాళ్లకు చేస్తారు. ఆ రెండు దార్లలో ఎత్తిన మంచంతా తెచ్చి నాకిస్తారు. ఫుట్‌పాత్ అంచున చక్రాల కుర్చీ దిగడానికి కొంచెం వాలుగా చేసిన చోటు ఉంటుంది చూడండి, అక్కడ పోస్తారు. అక్కడ కారు ఆగదు, దుకాణం గుమ్మం ఉండదు, అడిగేవాడు ఉండడు. మంచు తోసే బండివాడికి అంత అనువైన ఖాళీ జాగా ఊరంతా గాలించినా దొరకదు.

నాకు నడుము కింద పని చెయ్యదు. ఎందుకని అడగనివాళ్లంటే నాకు గౌరవం. బట్టలు కుట్టే కంపెనీలో మిషన్లు బాగుచేస్తాను. మా వీధి చివర స్టాపులో బస్సెక్కితే కంపెనీ గేటు ముందు దిగుతాను.

పోయిన చలికాలంలో నా భార్య పోయింది. పరామర్శకు వచ్చినవాళ్లలో సగం మంది, "ఇక మిమ్మల్నెవరు తోస్తారండీ?" అని అడిగారు. ఇంట్లో పోయింది మనిషి కాదు, ఇంజను అన్నట్టు. ఆమె నన్ను తోసింది తక్కువ, తిట్టింది ఎక్కువ. కుర్చీ నేనే తిప్పుకుంటున్నాను. తిట్లకే మనిషి లేదు.

ఈ చలికాలం స్టాపు స్తంభానికి ఒక నోటీసు అంటించారు. ప్రయాణికుల రాకపోకలు పరిశీలించారట. చక్రాల కుర్చీవాళ్లెవరూ ఈ స్టాపులో ఎక్కడం లేదని తేలిందట, మిగతావాళ్లు నాలుగడుగులు ఎక్కువ నడవగలరట. అందుకని స్టాపును ఇక్కడ ఎత్తేసి, దిగువన పెద్ద రోడ్డు మీది స్టాపులో కలిపేస్తారట. అభ్యంతరం ఉన్న కుర్చీవాళ్లు స్వయంగా కమిటీ సమావేశానికి వచ్చి చెప్పుకోవచ్చట.

ఆ పరిశీలన జరిగినప్పుడు నేనక్కడే ఉన్నాను. రోడ్డుకు అవతల ఒక అమ్మాయి కారులో కూర్చుని ఉంది. అద్దాలు బిగించుకుని, హీటరు వేసుకుని, ఏదో వేడిగా తాగుతూ స్టాపు వైపే చూస్తోంది. నేను ఇవతల మంచుకుప్ప వెనక ఉన్నాను. బస్సు వచ్చింది, ఆగింది, పోయింది. ఆ అమ్మాయి నన్ను చూసింది. సాయం వస్తుందేమోనని చెయ్యి ఊపాను. తనూ ఊపింది. ముచ్చటైన పిల్ల. తరువాత తల వంచుకుని ఏదో రాసుకుంది. ఎక్కనివాణ్ణి ఎక్కినట్టు రాయదు కదా, ఉద్యోగం మీద భక్తి ఉన్న పిల్ల. ఆ కుప్ప పుణ్యమా అని ఈ చలికాలం నేను కంపెనీకి వెళ్లింది బట్టల మూటలు మోసే వ్యానులో, మూటల మధ్య.

ఆ వ్యాను కూడా ఎన్నాళ్లో రాదని మేనేజరు చెప్పేశాడు. దిగువ రోడ్డుకు పోవాలంటే ఏటవాలు దిగాలి. మంచులో ఆ ఏటవాలు దిగితే ఆగేది ఆస్పత్రిలోనే. అంటే స్టాపు పోతే పని పోతుంది. పని పోతే ఉంటున్న ఇల్లు పోతుంది. ఇల్లు పోతే మిగిలేది మరదలి ఇంట్లో వెనక గది. వెనక గది అంటే తోడల్లుడు.

తోడల్లుడు పొద్దున్నే పేపరు పైకి చదువుతాడు. చదివింది మళ్లీ విడమరిచి చెబుతాడు. చెప్పింది అర్థమైందా అని అడుగుతాడు. అతని కొడుకు వేరు కాపురం పెట్టుకున్నాడు, పనిమనిషి మానేసింది. కుర్చీలో ఉన్నవాడు లేచి పోలేడు కదా అని నావైపు ఒక చూపు చూస్తాడు. ఆ చూపు నాకు తెలుసు.

మరదలు వచ్చింది.

"గదికి రంగులు వేయించాం బావా. కిటికీకి కొత్త కర్టెన్ కూడా."

"నేనింకా చావలేదు."

"చస్తే గదెందుకు?"

నా భార్య చెల్లెలే. మాట కింద పడనివ్వదు.

"రేపు మీటింగుకి వెళ్లి చెప్తాను. స్టాపు ఎక్కడికీ పోదు," అన్నాను.

"ఎలా వెళ్తారు?"

"బస్సులో."

"బస్సెలా ఎక్కుతారు? కుప్ప అలాగే ఉందిగా."

మర్నాడు ఆమె పార పట్టుకుని దిగింది.

"మీకోసమేం కాదు. ఒళ్లు తగ్గించమన్నాడు డాక్టరు," అంటూ కుప్ప తవ్వడం మొదలుపెట్టింది. పక్కింటాయన కిటికీ తెరిచి అరిచాడు.

"ఏంటమ్మా, మంచంతా నా కారు మీద పోస్తున్నారు?"

"మీ కారుకి చక్రాలున్నాయిగా, జరుపుకోండి. ఈయన చక్రాలకే దారి లేక చస్తున్నాం."

కుర్చీ పట్టేంత సందు అయింది. బస్సు వచ్చింది. డ్రైవరు దిగి, కుర్చీ ఎక్కడానికి పలక వేశాడు. నా వెనకే మరదలు పారతో సహా ఎక్కింది. లోపల ఒకావిడ వాచీ చూసుకుని నిట్టూర్చింది. నేను మంచు కురిపించినట్టు.

"ఏం పెద్దాయనా, ఈ స్టాపులో కనబడి చాలా రోజులైంది. ఊరెళ్లారా?" అన్నాడు డ్రైవరు.

"కుప్ప వెనకున్నాను."

అతను నవ్వాడు. జోకు అనుకున్నాడు.

నగరం నడిబొడ్డున దిగి, సమావేశం హాలు వైపు తిరిగేలోపు వెనకనుంచి ఎవరో కుర్చీ పట్టుకున్నారు. పొడుగు కోటు పెద్దమనిషి. "భయపడకండి, నేనున్నాను," అంటూ రోడ్డు దాటించేశాడు. నేను దాటాల్సిన రోడ్డు కాదది. "ఆపండి," అన్నాను. "పర్లేదు, పర్లేదు," అన్నాడు. అవతలి గట్టున వదిలి, థాంక్స్ కోసం కాసేపు నిలబడ్డాడు. నేను చెప్పలేదు. ఈ రోజుల్లో మర్యాద లేదని గొణుక్కుంటూ పోయాడు. మరదలు ఆయాసపడుతూ వచ్చింది.

"ఎక్కడికి బావా?"

"ఆయన్నడుగు."

మళ్లీ రోడ్డు దాటి హాలుకు చేరాం. మెట్లు తుడిచినట్టున్నాయి. జారకుండా ఉప్పు కూడా చల్లారు. మెట్ల పక్కన ఇనుప కమ్మీలు కనిపిస్తున్నాయి. కమ్మీల మధ్య ర్యాంపు ఉండాలి. మంచు ఉంది. పార పట్టుకుని కాపలాదారు నిలబడ్డాడు.

"ర్యాంపు ఏదయ్యా?"

"అదే సార్, ఆ మంచు కింద."

"దానిమీదెందుకు పోశావు?"

"మెట్ల మీద మనుషులు నడవాలి కదండీ. ర్యాంపు మీదెవరూ రారు. నేను పనిలో చేరినప్పట్నుంచీ ఒక్కరు రాలేదు."

"నువ్వు దానిమీద మంచు పోస్తున్నదెప్పట్నుంచి?"

"చేరినప్పట్నుంచీ."

అతనికి అందులో తేడా ఏమీ కనబడలేదు. లోపలికి వెళ్లి గుమాస్తాను పిలుచుకొచ్చాడు. అద్దాల తలుపులోంచి కమిటీ కనిపిస్తోంది. కోట్లు గోడకు తగిలించి, చొక్కా చేతులు మడిచి, పొడవాటి బల్ల చుట్టూ కూర్చున్నారు. లోపల ఎంత వెచ్చగా ఉందో ఆ మడతలే చెబుతున్నాయి. గుమాస్తా మెట్ల మీద నిలబడి, నా తల మీదుగా మరదలితో మాట్లాడాడు.

"ఆయన్ని లోపలికి తీసుకురండమ్మా. అభ్యంతరం హాల్లోనే చెప్పాలి."

"ఎగిరి రానా?" అన్నాను.

"ఏమంటున్నారాయన?" అని ఆమెనే అడిగాడు.

"ఎగిరి రావాలా అంటున్నారు."

"అక్కర్లేదని చెప్పండి. మేమిద్దరం చెరోపక్కా పట్టుకుని ఎత్తేస్తాం."

"నేను మంచాన్ని కాదు."

"ఆయన మంచం కారటండీ," అంది మరదలు.

"మెట్ల మీది మంచు తీసినవాడు ర్యాంపు మీదిది తియ్యలేడా?" అన్నాను.

గడ్డకట్టిపోయిందని కాపలాదారు చెప్పాడు. రేపు ఎండ వస్తే చూద్దామన్నాడు.

"సమావేశం ఇవాళ కదమ్మా," అన్నాడు గుమాస్తా, విచారంగా. నా తరఫున తను చెప్పనా అని మరదలు అడిగితే, కుర్చీ వాడేవాళ్లే చెప్పాలన్నాడు. "అయితే అభ్యంతరదారులెవరూ హాజరు కాలేదని రాసుకుంటాం," అని లోపలికి పోయాడు.

చలి చక్రాల్లోంచి చేతుల్లోకి ఎక్కుతోంది. ఇక చేసేదేమీ లేదు.

"పద," అన్నాను. "కర్టెన్ ఏ రంగు?"

మరదలు కదల్లేదు. నా మొహంలోకి చూసింది.

"నిజంగానే వచ్చేస్తారా?"

"పిలిచింది నువ్వేగా."

"రానంటారన్న ధైర్యంతో పిలిచాను బావా."

"మరి రంగులు?"

"అవి మా ఆయన వేయించాడు. ఆయనకి వినే మనిషి కావాలి. మీరేమో ఊరుకోరు, మాటకి మాట అంటారు. పొద్దున్నుంచి రాత్రిదాకా ఇద్దరి మధ్యా నలిగేది నేను. ఆ ఒక్క గొంతుతోనే వేగలేక చస్తున్నా."

ఇన్నేళ్లలో ఆమె నాతో అన్న మంచి మాట అదే. అనేసి, పార కాపలాదారు చేతికిచ్చి, గబగబా మెట్లెక్కి లోపలికి పోయింది. అద్దంలోంచి చూస్తున్నాను. కమిటీ బల్ల వైపు వెళ్లలేదు. గోడ పక్కనున్న ఎర్ర పెట్టె దగ్గర ఆగింది. అటూ ఇటూ చూసింది. పిడి పట్టుకుని కిందికి లాగింది.

గంట మోగింది.

అగ్నిప్రమాదం గంట మోగితే ఎక్కడివాళ్లు అక్కడ అన్నీ వదిలేసి బయటికి రావాలి. బయట ఒక బోర్డు ఉంటుంది, దాని కింద గుమిగూడాలి. ఫైరింజనువాళ్లు వచ్చి చూసి సరేననేదాకా ఎవరూ లోపలికి పోకూడదు. బోర్డు ర్యాంపు మొదట్లో ఉంది. దాని కింద నేనున్నాను.

మెట్లను శుభ్రం చేసిన శ్రద్ధతోనే కాపలాదారు హాలును ఖాళీ చేయించాడు. "కోట్లొద్దు సార్, రూలు ఒప్పుకోదు. నడవండి, నడవండి." అధ్యక్షుడు టై ఊపుకుంటూ వచ్చాడు. ఒక లావుపాటాయన చేతిలో కప్పుతో వచ్చాడు. గుమాస్తా, కారు అమ్మాయి, మిగతావాళ్లూ వచ్చి నా చుట్టూ నిలబడ్డారు. అందరికన్నా చివర మరదలు, ఏమీ ఎరగనట్టు జేబుల్లో చేతులు పెట్టుకుని వచ్చింది.

నేను బ్రేకు వేసుకున్నాను.

"అభ్యంతరం చెప్పుకోవడానికి వచ్చాను. అందరూ ఉన్నట్టున్నారు."

"హాల్లో చెప్పాలి," అన్నాడు గుమాస్తా, పళ్లు టకటకలాడుతుంటే.

"ఇప్పుడు హాల్లోకి ఎలా వెళ్తామయ్యా?" అని అధ్యక్షుడు కసిరాడు.

"నేనూ అదే అడుగుతున్నాను," అన్నాను.

తరువాత మొదలుపెట్టాను. నాకు తొందర లేదు, కోటు వేసుకునే వచ్చాను. స్టాపు ఎక్కడుందో చెప్పాను. కుప్ప ఎక్కడుందో చెప్పాను. లావుపాటాయన కప్పులోంచి పొగ రావడం మానేసింది. కారు అమ్మాయి వైపు తిరిగి, "నాకు చెయ్యి ఊపింది నువ్వే కదమ్మా?" అన్నాను.

వేళ్లు ఊదుకుంటూ తల ఊపింది. "హాయ్ చెప్తున్నారనుకున్నాను అంకుల్."

"అంటే ఈయన అక్కడ ఉన్నాడా?" అన్నాడు అధ్యక్షుడు.

"ఉన్నారు సార్. ఎక్కలేదు."

అధ్యక్షుడు ఆమె వైపు, రోడ్డు వైపు, ఆకాశం వైపు చూశాడు. ఫైరింజను జాడ లేదు. సన్నగా మంచు మళ్లీ మొదలైంది, టై మీద తెల్లగా పడుతోంది.

"స్టాపు ఉంచేద్దాం. ఎత్తెయ్యాలనేవాళ్లు చేతులెత్తండి," అన్నాడు గబగబా.

చంకల్లోంచి చెయ్యి ఎవరూ తియ్యలేదు. ఏకగ్రీవం. గుమాస్తాను రాసుకోమన్నాను. పెన్ను లోపలుందన్నాడు. మరదలు తన సంచీలోంచి ఒకటి తీసిచ్చింది. వంకర అక్షరాలతో అరచేతి మీద రాసుకున్నాడు. పైకి చదవమన్నాను, చదివాడు. టోపీ చెవుల మీదికి ఉంది, సరిగా వినబడలేదు, మళ్లీ చదవమన్నాను.

"సంతోషమేనా పెద్దాయనా?" అన్నాడు అధ్యక్షుడు, కాళ్లు మార్చి మార్చి నిలబడుతూ.

"స్టాపు సంగతి అయింది. ఇక స్టాపు ముందు కుప్ప సంగతి. అది అయ్యాక ర్యాంపు."

మరదలు నా చెవి దగ్గరికి వంగింది. "బావా, పాపం ఆ లావాయన పెదాలు నీలంగా అయ్యాయి."

"నీ కోటిస్తావా?"

"నేనెందుకిస్తాను?" అని కాలరు పైకి లాక్కుంది.

నేను కంబళి మోకాళ్ల మీద సర్దుకుని, నాకు తెలిసిన మొదటి కుప్ప దగ్గర్నుంచి ఎత్తుకున్నాను.