కథ ఆగిన చోటు

కళ్ళు బాగున్నన్నాళ్ళూ అత్తగారికి నవల లేనిదే పని సాగేది కాదు. ఆవిడ దర్జీ. చొక్కాలకు కాజాలు కుడుతున్నా, గౌన్లకు అంచులు మడుస్తున్నా మిషను బల్ల మీద ఒక పుస్తకం తెరిచి ఉండాల్సిందే. రెండు కళ్ళలోనూ నడిమి చూపు పోయిందనీ, ఇక తిరిగి రాదనీ డాక్టరు తేల్చేశాక మిషను మీద దుప్పటి కప్పేసింది. అలమరలో పుస్తకాల వీపుల్ని ఆవిడ ఒక్కొక్కటిగా తడుముతుంటే చూసి కోడలి ప్రాణం ఉసూరుమంది.

కోడలు బట్టలుతికే యంత్రాల కంపెనీలో పనిచేస్తుంది. నీళ్ళు ఎప్పుడు నిండాలో, డ్రమ్ము ఎప్పుడు తిరగాలో ఆ యంత్రాలకు సి అనే కంప్యూటరు భాషలో రాసిపెట్టడం ఆమె ఉద్యోగం. ఫోనులో నవలలు వినిపిద్దామనుకుంటే అత్తగారి వేలు ఒకచోట తగిలేది, ఇంకోటేదో తెరుచుకునేది. అందుకని చిన్న కంప్యూటరు బోర్డు, స్పీకరు, ఒకే ఒక్క మీట పెట్టి ఒక చెక్క డబ్బా తయారుచేసింది. లైబ్రరీ నుంచి ఒక లావుపాటి నవల రికార్డింగు తెచ్చి అందులో వేసింది. మీట నొక్కితే చదువుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. అత్తగారు డబ్బాను ఒళ్ళో పెట్టుకుని మురిసిపోయింది.

"ఎలా ఉంది అత్తయ్యా కథ?" అని కోడలు ఎప్పుడడిగినా, "బ్రహ్మాండంగా ఉందమ్మా" అనేది.

కొన్నాళ్ళకి ఒకరోజు తలనొప్పిగా ఉందని కోడలు మధ్యాహ్నానికే ఇంటికొచ్చింది. చెప్పులు విడుస్తుంటే లోపల్నుంచి డబ్బా గొంతు వినిపించింది. ఓడరేవులో దిగిన పిల్ల, చేతిలో పెట్టె, ఎదురురాని మేనమామ. డబ్బాను పరీక్షించేటప్పుడు వినీ వినీ ఆమెకు కంఠతా వచ్చేసిన వాక్యాలవి. నవల మొట్టమొదటి పేజీ. గుమ్మంలోంచి తొంగిచూస్తే, అత్తగారు కూడా పెదాలు కదుపుతూ డబ్బాతోపాటే అప్పజెబుతోంది.

"అత్తయ్యా, ఇంకా రేవులోనే ఉన్నారా మీరు?"

అత్తగారు ఉలిక్కిపడింది. "నువ్వా! బాగుందని మళ్ళీ పెట్టుకున్నాలే."

"నిజం చెప్పండి."

ఆవిడ చీర కొంగు సర్దుకుంది, డబ్బా మీద లేని దుమ్ము తుడిచింది, ఇక తప్పదన్నట్టు నోరు విప్పింది. "ఎవరో తలుపు కొడతారు, ఆపుతాను. పొయ్యి మీద ఏదో మాడుతుంది, ఆపుతాను. ఆపితే ఆ పిల్ల మళ్ళీ రేవులోకే వచ్చి పడుతుంది. ఇంతవరకు దాన్ని ఇంటికి చేర్చలేకపోయాను."

"నాకు చెప్పొచ్చుగా!"

"సెలవులన్నీ దాని మీదే పెట్టి చేశావు. వంక పెడితే చిన్నబుచ్చుకుంటావని."

కోడలికి తల కొట్టేసినట్టయింది. తను ఎప్పుడూ కాసేపు వినిపించి చూసి, పలుకుతోంది కదా అని సంతోషపడింది. ఇంట్లో మనిషి నవలను ఏకబిగిన వినలేదన్న సంగతే తోచలేదు. తలనొప్పి సంగతి మరిచిపోయి కంప్యూటరు ముందు కూర్చుంది. అత్తగారు పక్కకి కుర్చీ జరుపుకుంది.

"ఏం చేస్తావే ఇప్పుడు?"

"ఫైలు తెరిచాక ఎక్కడిదాకా చదివిందీ దానికి గుర్తుంటుంది అత్తయ్యా. చదివేకొద్దీ ఆ గుర్తు ముందుకి జరుగుతుంది. మూసేస్తే పోతుంది. మళ్ళీ తెరిస్తే సున్నా నుంచే. అందుకని మూసేముందు 'ఎఫ్‌టెల్' అని అడగాలి. మొదటి నుంచి ఎన్ని బైట్లు దాటిందో ఒక అంకె చెబుతుంది. అది దాచిపెట్టుకుని, ఈసారి తెరవగానే 'ఎఫ్‌సీక్' అని ఆ అంకె ఇస్తే నేరుగా అక్కడికే పోతుంది."

"అడిగితే చెప్పేదాన్ని ఇన్నాళ్ళూ అడగలేదా నువ్వు?"

"మీరు మాత్రం? నేను అడిగితే నిజం చెప్పారా?"

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. "ఈసారి బాగాలేకపోతే మొహం మీదే అనెయ్యండి" అని కోడలు మాట తీసుకుంది.

మర్నాడు సాయంత్రం ఆమె గుమ్మంలో కాలు పెట్టిందో లేదో అత్తగారు అందుకుంది. "వంక పెట్టమన్నావుగా, పెడుతున్నా. పడవవాడు మేనమామ గురించి ఏదో చెప్పబోతుంటే ఆపాను. మళ్ళీ పెట్టేసరికి వాళ్ళు ఒడ్డెక్కేశారు. నడుమ మాటలు మింగేసింది నీ డబ్బా."

కోడలు కాసేపు ఆలోచించి నుదురు కొట్టుకుంది. మాట మధ్యలో తెగకుండా ఉండాలని ప్రోగ్రాము ఎప్పుడూ కొంత ముందే చదివి పక్కన పెట్టుకుంటుంది. ఎఫ్‌టెల్ చెప్పేది చదివిన చోటు. అత్తగారు విన్న చోటు దానికి వెనకెక్కడో ఉంది. పక్కన పెట్టుకున్నదాంట్లో ఇంకా పలకనిదెంతో లెక్కగట్టి, ఆ మేరకు తగ్గించి దాచేలా మార్చింది. పడవవాడి మాటలు ఒక్కటీ పోకుండా దొరికాయి.

నోరు విప్పడం అలవాటయ్యాక అత్తగారు ఊరుకోలేదు. డబ్బా జారిపోతోందంది. చదివేవాడికి జలుబు చేసినట్టుందంది. దానికి తనేమీ చేయలేనని కోడలు చేతులెత్తేసింది. చివరికి, "వింటూ వింటూ కునుకు తీస్తాను. అది తన మానాన చదువుకుంటూ పోతుంది. నేనెక్కడ నిద్రపోయానో కూడా దాన్ని అడగరాదూ?" అంది.

"అది దాని సంగతే చెబుతుంది అత్తయ్యా, మీ సంగతి దానికేం తెలుసు? వెనక్కి జరిగే మీట ఇంకోటి పెడతాను. మీకు గుర్తున్న మాట తగిలేదాకా నొక్కుకుంటూ పోండి."

రెండో మీట వచ్చింది. ఏది ఏదో వేలికి తెలియాలని అత్తగారు కుట్టుపెట్టె వెతికి, కోటు గుండీ ఒకటి దాని మీద అంటించమని ఇచ్చింది. ఇక నవల పరిగెత్తింది.

ఒక సెలవు రోజు వాన పడుతోంది. కోడలు మంచం మీద బట్టలు మడతపెడుతుంటే డబ్బాలో ఎవరో ముసలాయన క్షమించమని అడుగుతున్నాడు. అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుంటోంది.

"ఎవరత్తయ్యా ఈయన?"

"అదేమిటి, నీకు తెలీదూ? తెచ్చిపెట్టింది నువ్వేగా!"

"నేను మొదటి పేజీ దాటి విన్నదెప్పుడు?"

అత్తగారు మీట నొక్కి డబ్బాను పక్కన పెట్టేసింది. కోడలి చేతిలో చొక్కా లాగి అవతల పడేసి, "ఇలా కూర్చో. ఆ మేనమామ ఉన్నాడే, వాడు మామూలోడు కాదు..." అని మొదలుపెట్టింది.

సాయంత్రం కొడుకు తడిసి ఇంటికొచ్చేసరికి పొయ్యి వెలగలేదు, దీపం వెయ్యలేదు. మడతపెట్టని బట్టల మధ్య ఇద్దరూ మొహాలు దగ్గరపెట్టుకుని కూర్చున్నారు.

"వంటేం లేదా ఇవాళ?" అన్నాడు.

"ష్! పెళ్ళి ఆగిపోయింది" అంది అతని భార్య, తలైనా తిప్పకుండా.

"ఎవరి పెళ్ళి?"

తల్లి మంచం మీద కాస్త జరిగి అతనికి చోటిచ్చింది.