నీడ దాటిన పడవ

కాలు విరిగినందుకు డ్రైవరమ్మకు నొప్పి కన్నా కోపమే ఎక్కువొచ్చింది. పోనీ, బస్సు నడుపుతూ విరిగిందా అంటే అదీ కాదు. డిపోలో బస్సు దిగుతూ ఆఖరి మెట్టు మీద కాలు జారింది. ఇరుకు వీధుల్లో అంత పెద్ద బస్సును ఒక్క గీత పడకుండా తిప్పే మనిషి, దిగే మెట్టు దగ్గర బోర్లా పడిందని తోటివాళ్లు నవ్వారు. తనూ నవ్వింది. మోకాలి దాకా కట్టు వేసి, "కదలకూడదమ్మా" అని డాక్టరు అన్నాకే ఆ నవ్వు ఆగిపోయింది.

ఇంట్లో కూర్చుంటే పొద్దుపోదు. కిటికీ దగ్గర చేరి, వీధిలో పోయే కార్లను చూస్తూ, "వీడికి లైసెన్సు ఎవరిచ్చారో!" అని విసుక్కోవడమే పనిగా పెట్టుకుంది.

"నోటికి కాదే అమ్మాయ్, చేతికి పని పెట్టుకో," అంది అత్తగారు, వాకింగ్ నుంచి వస్తూనే. పార్కులో లైబ్రరీ వాళ్లు బోర్డు పెట్టారట. అక్కడి కొలనులో బొమ్మ పడవల పోటీ. పడవ పారేసిన వస్తువులతోనే చెయ్యాలి. ఎండతోనే నడవాలి, బ్యాటరీ ఉండకూడదు. నీళ్లలో వదిలాక చెయ్యి తగలకూడదు. ముందుగా అవతలి గట్టు చేరిన పడవదే గెలుపు. పెద్దా చిన్నా ఎవరైనా రావచ్చు.

"పారేసిన వస్తువులు మనింట్లో ఎక్కడున్నాయి, అత్తయ్యా? మీరు ఏదీ పారెయ్యరుగా!"

"అందుకే అంటున్నా," అని అత్తగారు మంచం కిందకి వంగింది.

ఆ మంచం కింద ఏముందో ఇంట్లో ఎవరికీ పూర్తిగా తెలియదు. సెలవు వచ్చినప్పుడల్లా ఆవిడ కొడుకు, "అమ్మా, ఇదంతా తీసేద్దామే," అనడం, "నీ జోలికొచ్చాయా?" అని ఆవిడ కసరడం మామూలే. ఇప్పుడు ఆ సామానంతా హాల్లోకి వచ్చింది. నేల తుడిచే మందు తాలూకు పొడుగాటి సీసాలు, తోటలో గుచ్చే చిన్న సోలార్ దీపాలు, చక్రాలు పోయిన బొమ్మ కారు, సైకిల్ పుల్లలు, రేకు డబ్బాలు, దేనివో తెలియని నట్లు, బోల్టులు.

డ్రైవరమ్మ కళ్లు మెరిశాయి. కట్టు వేసిన కాలు స్టూలు మీద పెట్టుకుని పనిలోకి దిగింది. రెండు సీసాలు మూతి కోసి ఒకదాన్లో ఒకటి దూర్చి అతికిస్తే సన్నగా, పొడుగ్గా పడవ ఒళ్లు తయారైంది. బొమ్మ కారు మోటారు ఊడదీసింది. సైకిల్ పుల్ల ఇరుసైంది, డబ్బా మూత కత్తిరిస్తే నీళ్లను వెనక్కి తోసే రెక్క అయింది. దీపాల పైనుండే పలకల్ని అత్తగారు ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఇస్తే, తను తీగలు కలిపింది.

వాకిట్లో ఎండలో టబ్బు పెట్టి వదిలితే పడవ గానుగెద్దులా గుండ్రంగా తిరగడం మొదలెట్టింది.

"ఇదేంటే, దీనికి దారి తెలీదా?"

"ఎడమకి లాగుతోంది అత్తయ్యా. మా డిపోలో ఇలాంటి బస్సు ఒకటుంది." వెనకాల రేకు చుక్కానిని కాస్త కుడికి వంచింది. పడవ బుద్ధిగా టబ్బు ఆ చివరికి పోయి ఆగింది.

ఇంకొకరైతే అక్కడితో సరిపెట్టుకునేవారు. డ్రైవరమ్మ మాత్రం ఒప్పుకోలేదు. రోడ్డు చూడకుండా బండి తీసే అలవాటు తనకు లేదు. పోటీకి రెండు రోజుల ముందే, పోటీ జరిగే సమయానికి, డాక్టరు మాట పక్కన పెట్టి ఊతకర్రల మీద అత్తగారితో కలిసి పార్కుకు వెళ్లింది. కొలను మీద నడిచేవాళ్ల వంతెన ఉంది. దాని నీడ నీళ్ల మీద అడ్డంగా పరుచుకుని ఉంది.

"నీడేగా," అంది అత్తగారు.

"పడవకి అది పెట్రోలు లేని రోడ్డు. సరిగ్గా మధ్యలో ఆగిపోతుంది."

ఇంటికొచ్చి నట్లూ బోల్టులూ తీసి పడవ అడుగున పరవడం మొదలెట్టింది. ఆఫీసు నుంచి వచ్చిన భర్త చూసి బిత్తరపోయాడు. "పడవలో ఇనుమేంటి? అందరూ తేలిగ్గా చేస్తుంటే!"

"ఖాళీ బస్సులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఇట్టే నెమ్మదిస్తుందండీ. నిండు బస్సయితే బ్రేకు వేసినా స్టాపు దాటిపోతానంటుంది. నాకు కావాల్సింది ఆ మొండితనమే."

అత్తగారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించింది. "అయితే ఆ పలకల్ని నడుం మీద ఎందుకే? ముక్కు మీద పెట్టు. నీడ దాటగానే ముందు దానికే ఎండ తగులుతుంది."

కోడలు అత్తగారి వంక చూసి, "మీరు డిపోలో ఉండాల్సిన వారు," అంది. ఆవిడ ఆ మాట విననట్టే నటించింది గానీ, మర్నాడంతా హుషారుగా ఉంది.

పోటీ రోజున ఎండ కాసింది. ఈల ఊదగానే తేలికపాటి పడవలన్నీ చివ్వున దూసుకుపోయాయి. డ్రైవరమ్మ పడవ మాత్రం పెళ్లి నడక నడుస్తున్నట్టు కదిలింది. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు.

"తొందరేం లేదు," అంది డ్రైవరమ్మ, ఊతకర్ర మీద గడ్డం ఆనించి. నెమ్మదిగా దాని వేగం పెరిగింది.

ముందు పడవలు నీడలోకి వెళ్లాయి. మోటార్లు ఒక్కొక్కటే నోరు మూశాయి. రంగు కాగితాల పడవ, జెండా పడవ, వీధి చివరి మంగలాయనా ఆయన కూతురూ కలిసి చేసిన జంట పడవ, అన్నీ అక్కడే తేలుతూ ఉండిపోయాయి. తర్వాత డ్రైవరమ్మ పడవ వచ్చింది. నీడలో దాని మోటారూ ఆగింది. పడవ ఆగలేదు. ఆగిన వాటి మధ్యలోంచి చప్పుడు లేకుండా జారుతూ పోయింది. మెల్లబడింది. ఇంకా మెల్లబడింది. అత్తగారు కోడలి భుజం గట్టిగా పట్టుకుంది.

ముక్కు ఎండలోకి వచ్చింది. జుయ్యిమని మోటారు పలికింది.

"పద, పదవే!" అని అత్తగారు అరిచిన అరుపుకి బాతులు లేచిపోయాయి. పడవ నేరుగా అవతలి గట్టుకు కొట్టుకుని ఆగింది. గాలికి కొట్టుకొస్తూ మిగతావి ఎప్పటికో చేరాయి.

బహుమతి అందుకున్నాక కూడా ఎవరూ ఇంటికి పోలేదు. మంగలాయన కూతురు డ్రైవరమ్మ పడవను చేత్తో ఎత్తి చూసి, "అబ్బో, ఎంత బరువో!" అని పరిగెత్తుకెళ్లి తమ పడవలో గులకరాళ్లు వేసుకుంది. మిగతావాళ్లూ అదే పని మొదలెట్టారు. ఒకటి బొత్తిగా మునిగిపోతే అందరూ కలిసి పైకి లాగారు. పొద్దు వాలేదాకా పడవలు నీడలోకి వెళ్తూనే ఉన్నాయి. డ్రైవరమ్మ బెంచీ మీద కాలు చాపుకుని, ఊతకర్ర పైకెత్తి, ట్రాఫిక్ పోలీసులా దారి చూపిస్తోంది. "ఎడమకి తిప్పు బాబూ, ఎడమకి! బరువు కాస్త వెనక్కి జరుపు. ఆఁ, ఇప్పుడు వదులు!"